చేతుల మీద కూర్చున్న రోజులు

ఒకటో రోజు

ఇక్కడికి వచ్చాక నేను మొట్టమొదట మాట్లాడింది ఒక తడికతో. "తెరుచుకో" అన్నాను. తెరుచుకోలేదు. గొంతు సవరించుకుని, పేరు చెప్పి, మళ్ళీ అన్నాను. లోపలి నుంచి నవ్వు వినిపించింది.

"దానికి చెవుల్లేవే పిల్లా. తోసుకుని రా."

కోనాల తాయారు గారితో నా పరిచయం అలా జరిగింది. వయసు డెబ్బై ఒకటి. పన్నెండేళ్ళ క్రితం వరకూ మా తేటనగరంలో గాలి విభాగానికి పెద్ద ఇంజనీరు. అద్దాల కప్పు కింద నలభై లక్షల మంది పీల్చే గాలిని శుభ్రం చేయించింది ఆవిడే. నలభయ్యో అంతస్తులో ఇల్లు, వేళకు గోడలోంచి వచ్చే భోజనం, మాట అంటే వెలిగే దీపం, అన్నీ వదిలేసి శబరి ఒడ్డున ఈ అడవిలోకి వచ్చి ఒక్కరే ఉంటున్నారు. ఇక్కడి నుంచి నగరానికి పడవలో ఒకటిన్నర రోజు.

నా పేరు సౌగంధి. పంతొమ్మిదేళ్ళు. మాటల చదువు చెప్పే పదశాలలో చదువుతున్నాను. బయట ఒంటరిగా బతికేవాళ్ళకు నగరం ఒక పట్టా ఇస్తుంది. ఆ మనిషి ఎవరి సాయమూ లేకుండా బతకగలుగుతోందో లేదో మూడేళ్ళకోసారి ఒక సాక్షి వచ్చి పద్నాలుగు రోజులు ఉండి చూడాలి. ఈసారి సాక్షిని నేను. రోజుకొక చీటీ మీద సంతకం పెట్టాలి. దాని మీద ఒకటే వాక్యం ఉంటుంది: "ఈ రోజు ఈ ఇంట్లో నేను దేని మీదా చేయి వేయలేదు."

పడవ నడిపే అధికారి బుల్లెబ్బాయి గారు దారి పొడవునా నియమాలు వల్లె వేయించారు. సాక్షి సాయం చేస్తే పట్టా రద్దు. నా మణికట్టు మీది ఎర్ర గుండీ నొక్కితే గంటలో విమానం వచ్చి ఆవిడను తీసుకుపోతుంది, అప్పుడూ పట్టా రద్దే, మళ్ళీ అడవికి రానివ్వరు. సాక్షి తన వల్ల ఏదైనా చెడగొడితే మాత్రం ఆ పరీక్ష చెల్లదు. అదే సాక్షి మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టాలి.

"ఆ మూడోది మట్టుకు ఇంతవరకూ ఎవరూ వాడలేదండి ఆయ్" అన్నారాయన. "ఎవరు ఒప్పుకుంటారు చెప్పండి, ఇంకో పద్నాలుగు రోజులు ఈ దోమల్లో?"

నాకైతే అసలు కుదరదు. ఇవాళ్టికి పదహారో రోజున మహా నిఘంటువు వాళ్ళ ఎంపిక ఉంది. మూడేళ్ళకోసారి ఒక్కరినే తీసుకుంటారు. పదేళ్ళప్పుడు ఆ నిఘంటువు మొదటి సంపుటం ముట్టుకుని చూసిన రోజు నుంచి నాకు వేరే కోరిక లేదు.

వాన పడుతోంది. అద్దం మీద పడే వానను చూశాను గానీ ఆకుల మీద పడే వానను ఇవాళే విన్నాను. ఈ వానకు పేరు ముసురు అట. ఆ మాటను నిఘంటువులో చదివాను. ఇప్పుడు అందులో కూర్చుని ఉన్నాను.

చేయి వేయలేదు.

రెండో రోజు

ఏం జరిగిందో వరసగా రాస్తాను. వరసగా రాస్తేనే ధైర్యంగా ఉంటుంది.

మా నగరంలో దుమ్ము మర్యాద అని ఒకటుంది. దుమ్ము చేరితే యంత్రాలు ఆగిపోతాయి, యంత్రాలు ఆగితే గాలి ఆగుతుంది. అందుకని ఎవరింటికి అతిథిగా వెళ్ళినా మొదటి ఉదయం వాళ్ళకన్నా ముందు లేచి ఇంట్లో దుమ్మంతా తుడిచి పెడతాం. దాన్ని ఎవరూ సాయం అనరు. పలకరింపు అంటారు. తుడవని అతిథిని రెండోసారి పిలవరు.

పొద్దున్నే లేచాను. తాయారు గారు అప్పటికే ఏటికి వెళ్ళారు. నేను బట్ట తీసుకుని నేల తుడిచాను. మట్టి నేల. ఎంత తుడిస్తే అంత మట్టి వచ్చింది. దాన్ని వదిలేసి చుట్టూ చూస్తే, గుడిసె నడిమధ్య మూడు రాళ్ళ పొయ్యిలో బూడిద రంగు దుమ్ము కుప్పగా కనిపించింది. ఒకేచోట అంత దుమ్ము నేను జన్మలో చూడలేదు. పాపం పెద్దావిడకు వంగడం కష్టమై వదిలేశారేమో అనుకున్నాను. ఆకుదొప్పలో మొత్తం ఎత్తుకుని వెళ్ళి వానలో ఒడ్డున పారబోశాను. దొప్ప వెచ్చగా ఉంది. పారబోసినప్పుడు సుయ్యిమని చప్పుడు వచ్చింది. దుమ్ము మీద వాన పడితే ఇలా అంటుంది కాబోలు అనుకున్నాను. నేను అంతకుముందు దుమ్మునీ వాననీ ఒకచోట చూడలేదు.

ఆవిడ వెదురు బుట్టలో నాలుగు చేపలతో వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోయారు.

"పొయ్యిలో బూడిదేదీ?"

"తీసేశానండి" అన్నాను. మెచ్చుకుంటారని నిలబడ్డాను.

బుట్ట కింద పడింది. ఆవిడ ఒడ్డుకు పరుగెత్తారు. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి అలా పరుగెత్తగలరని నాకు తెలియదు. తడి బూడిదలో చేతులు పెట్టి కెలికారు. లోపలున్నవి నల్లటి బొగ్గులు మాత్రమే. తిరిగి వచ్చి పొయ్యి పక్కన కూర్చున్నారు.

"అది ఉట్టి బూడిద కాదమ్మా. నివురు అంటారు దాన్ని. లోపల నిప్పుంటుంది. పైన కప్పి ఉంచితే మర్నాటిదాకా ఆరదు."

అప్పుడు చెప్పారు. ఏటా తొలి వానకు ముందు పాత కళ్ళద్దంతో ఎండలోంచి నిప్పు దింపుతారట. మళ్ళీ గట్టి ఎండ వచ్చేది దసరాకే. అందాకా ఆ నిప్పును ఆరనివ్వరు. పన్నెండు వానాకాలాల్లో ఒక్కసారి కూడా ఆరలేదు. పొయ్యికి సరిగ్గా పైన అటక మీద ఏడాదికి సరిపడా చోళ్ళు ఉన్నాయి. చోళ్ళంటే మా గోడ భోజనంలో వచ్చే రాగులు. ఈ ముసురులో కింద పొగ లేకపోతే వారం తిరిగేలోపు బూజు పట్టేస్తాయి. తిండి పోతే ఆవిడ ఇక్కడ ఉండలేరు.

నేను ఏడ్చాను. గుండీ చూపించాను.

"నొక్కు" అన్నారు. "గంటలో వెచ్చటి గదిలో ఉంటాను. ఇంక ఈ గడప తొక్కను. నీకు సమ్మతమేనా?"

నొక్కలేదు.

"అయితే ఏడుపు కట్టిపెట్టు. ఇప్పటికే ఇంట్లో తేమ ఎక్కువైంది."

ఇవాళ్టి చీటీ ఖాళీగా ఉంచాను.

మూడో రోజు

బతికున్న చేపలను ఆవిడ ఏట్లోకి వదిలేశారు. "ఉడకేసుకునే యోగం లేనప్పుడు మీరెందుకు, పొండి" అని వాటికి చెప్పారు. చోడిపిండి నీళ్ళలో కలుపుకుని తాగారు. పక్కన ఒక ముక్క మామిడి తాండ్ర. తిన్నాక "భేష్" అన్నారు, ఎవరో వడ్డించినట్టు.

నా తిండి నాతో తెచ్చుకున్నాను. మూత లాగితే తనంతట తనే వేడెక్కే పొట్లాలు. మధ్యాహ్నం ఒకటి తెరిచాను. సాంబారన్నం. ఆవిరి గుడిసె అంతా కమ్ముకుంది.

"అటు తిరిగి తినవే తల్లీ. ఆ వాసన పీల్చినా సాయం కిందే లెక్కేస్తారేమో మీవాళ్ళు."

నవ్వుతూనే అన్నారు. కానీ ముక్కు మాత్రం పొట్లం వైపే తిరిగి ఉంది. ఆ తర్వాత నేను పొట్లాలు వేడి చేయలేదు. చల్లటి సాంబారన్నం జిగురులా ఉంటుంది. ఇది సాయం కాదు. ఇది నా గొంతు సంగతి.

నన్ను గారు అనవద్దన్నారు. "ఈ అడవిలో నన్ను గారు అనేది నువ్వొక్కదానివే. కోతులు కూడా నవ్వుతున్నాయి. మామ్మా అను." ఇకనుంచి మామ్మ అనే రాస్తాను.

చేయి వేయలేదు.

నాలుగో రోజు

నిప్పు పుట్టించడం ఇవాళ మొదలుపెట్టారు. పద్ధతి ఇది. ఎండిన వెదురును నిలువునా రెండుగా చీలుస్తారు. ఒక బద్ద అంచును కత్తిలా చెక్కుతారు. రెండో బద్ద వీపున చిన్న గంటు పెట్టి, దాని లోపలివైపు వెదురు తురుము కూరుతారు. కత్తి బద్దను ఒక కొస నేలలో, ఒక కొస పొట్టకు ఆనించి నిలబెడతారు. రెండో బద్ద గంటును దాని అంచు మీద పెట్టి రంపంలా కిందికీ పైకీ లాగుతారు. రాపిడికి తురుములో నిప్పు పడాలి. "పైవాడల కొండరెడ్ల ముసలాయన నేర్పాడు, వచ్చిన మొదటేడు" అన్నారు మామ్మ. "అప్పుడు ఆయనా నేనూ ఇద్దరం ఉన్నాం. ఒకరు పట్టుకుంటే ఒకరు లాగేవాళ్ళం."

ఒకరు పట్టుకుంటే అన్న చోట మేమిద్దరం ఒకరి వైపు ఒకరం చూసుకోలేదు.

పొదలోంచి తెచ్చిన వెదురు నానిపోయి ఉంది. రెండు గంటలు లాగినా వెదురు వేడెక్కిందే గానీ పొగ రాలేదు. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, అన్నీ వదిలేసి ఎందుకు వచ్చారని అడిగాను. నగరంలో అందరూ అడిగే ప్రశ్నే. గొప్ప జవాబు ఏదో వస్తుందని పెన్ను తెరిచి పెట్టుకున్నాను.

"ఒకరోజు మా గోడ పాడైంది" అన్నారు.

"ఏ గోడ?"

"భోజనం గోడే. మరమ్మతు చేసేవాళ్ళు వచ్చేసరికి సాయంత్రమైంది. కడుపులో ఏదో మెలిపెట్టింది. జబ్బేమో అనుకుని డాక్టరుకు చూపించుకున్నాను. ఆకలమ్మా, అన్నాడాయన. యాభై తొమ్మిదేళ్ళు వచ్చాయి, ఆకలి మొహం నేను ఎరగను. రాత్రి అన్నం తింటుంటే మెతుకు మెతుకూ తెలిసింది. మర్నాడు గోడ బాగైపోయింది. నాకేమో ఏడుపొచ్చింది."

"దాని కోసం వచ్చేశారా?"

"మరి? నవ్వుతావేం. రాసుకో. ఆకలి వెయ్యడానికి వచ్చింది అని రాసుకో. ఇవాళైతే కాస్త ఎక్కువే వేస్తోంది."

పెన్ను తెరిచినందుకు సిగ్గుపడలేదు.

చేయి వేయలేదు.

ఐదో రోజు

మామ్మకు జ్వరం. దగ్గు పొద్దుటి నుంచి ఆగలేదు. అయినా మధ్యాహ్నం లేచి మళ్ళీ లాగారు. ఈసారి పొగ వచ్చింది, సన్నటి దారంలా. నేను అరిచాను. అంతలో దగ్గు తెర వచ్చి పొట్టకు ఆనించిన బద్ద జారి విరిగింది.

అటక మీది చోళ్ళ బుట్టలో చెయ్యి పెట్టి వాసన చూశారు. నాకు ఆ మొహం చదవడం వచ్చేసింది.

ఆవిడ కళ్ళు మూసుకుని పడుకుని ఉంటే నేను గుండీ మీద బొటనవేలు పెట్టాను. నొక్కితే ఆవిడకు మందు, వెచ్చదనం, ప్రాణం. నొక్కకపోతే, ఈ ముసలి మనిషికి ఏమైనా అయితే, అది నేను పారబోసిన దొప్పెడు బూడిద వల్ల. ఇంకొంచెం బలంగా పెట్టాను.

"వేలు నొప్పెట్టట్లేదా?" అన్నారు కళ్ళు తెరవకుండానే.

"మామ్మా, నాకు భయంగా ఉంది."

"నాకూ ఉంది. భయపడుతున్నానని నన్ను తీసుకుపోతారా? మీ నగరంలో ఎవరికీ భయం లేదా?" కాసేపు దగ్గారు. "ఇదుగో, మాటంటే మాటే. రేపు పొద్దు వాలే లోపల నేను నిప్పు చెయ్యలేకపోతే నువ్వు నొక్కు. నేనే అడిగి నొక్కించుకుంటాను. అప్పటిదాకా ఆ వేలు నీ దగ్గరే పెట్టుకో."

ఒప్పుకున్నాను. సంతకం లేదు, చీటీ లేదు. అయినా ఇంతకన్నా గట్టి ఒప్పందం నేను చూడలేదు.

చేయి వేయలేదు.

ఆరో రోజు

పొద్దున్నే లేచేసరికి మామ్మ వెల్లకిలా పడుకుని ఇంటి కప్పును చూస్తున్నారు. ఆ కళ్ళలో జ్వరం ఉంది గానీ వెనకాల ఇంజనీరు కూడా ఉన్నారు.

"సౌగంధమ్మా, ఈ అడవి మొత్తంలో తడవని వెదురు ఎక్కడుంది చెప్పు?"

నేను గుమ్మంలోంచి బయటికి చూశాను. అంతా నీళ్ళే.

"పన్నెండేళ్ళు పొగ పట్టించి ఆరబెట్టిన వెదురు?"

నేనూ పైకి చూశాను. పొయ్యికి సరిగ్గా పైన, గుడిసె కప్పును మోస్తున్న వాసాలు. నల్లగా, నిగనిగలాడుతూ.

పీట మీద పీట వేసి ఎక్కారు. కట్లు కోశారు. ఒక వాసం ఊడదీయడానికి గంట పట్టింది. అది ఊడిన చోట తాటాకు కుంగిపోయి, వాన ధారగా సరాసరి ఆవిడ పడక మీదే పడింది. ఆవిడ దాని వైపు చూడను కూడా లేదు. నిప్పు కోసం మనిషి తన పైకప్పును పీక్కోవడం నేను కళ్ళారా చూశాను. మా పదశాలలో ధైర్యం అనే మాటకు పదకొండు పర్యాయపదాలు చెప్పారు. ఇది వాటిలో లేదు.

ఆ వెదురును కొడితే గంటలా మోగింది. చీల్చారు, చెక్కారు, తురుము కూరారు. కానీ దగ్గు వస్తుంటే పొట్టకు ఆనించడం కుదరడం లేదు. మూడుసార్లు జారింది. నాలుగోసారి జారబోతుంటే నా చేయి దానంతట అదే ముందుకు వెళ్ళిపోయింది. బద్దకు బెత్తెడు దూరంలో ఉంది.

"చెయ్యి!" అని గద్దించారు. నేను ఉలిక్కిపడ్డాను. "ఆ చేతుల మీద కూర్చోవే! రెండూ! కూర్చో!"

కూర్చున్నాను. నిజంగానే రెండు అరచేతులూ కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను. ఏడుస్తూ కూర్చున్నాను. నా చేతులు నాకే బరువని అప్పుడు తెలిసింది.

మామ్మ చుట్టూ చూశారు. గుడిసె నడుమ కప్పును మోసే నిలువు స్తంభం ఉంది, నిట్రాడ అంటారు. చీర కొంగు చింపారు. ఆ పీలికతో కత్తి బద్దను నిట్రాడకు బిగించి కట్టారు. "ఇదుగో, పట్టుకునే మనిషి దొరికాడు. వీడికి పట్టా నియమాలు వర్తించవు" అన్నారు. మోకాళ్ళ మీద కూర్చుని లాగడం మొదలుపెట్టారు. కిందికి, పైకి. దగ్గు వస్తే ఆగి, దగ్గి, మళ్ళీ. నేను లెక్కపెట్టాను. నూట నలభై దగ్గర పొగ. రెండువందల పది దగ్గర పొగ చిక్కబడింది. ఆవిడ చేతులు ఆగిపోయాయి. అయిపోయిందనుకున్నాను.

ఆవిడ బద్దను నెమ్మదిగా తిప్పారు. తురుము మధ్యలో ఆవగింజంత ఎరుపు.

దాన్ని బూరుగు దూదిలోకి దించి, రెండు అరచేతుల మధ్య పెట్టుకుని ఊదారు. దగ్గు వస్తుందేమో అని నేను నా ఊపిరి బిగబట్టాను, దానివల్ల ఏదో ఉపయోగం ఉన్నట్టు. దూది భగ్గుమంది.

ఇద్దరం ఒకేసారి అరిచాం. బయట కోతులు కూడా అరిచాయి. బయట ఇంకా పగలే ఉంది. నేను గుండీ మీద గుడ్డ చుట్టేశాను.

మామ్మ మొదట పెట్టుకున్నది వేడినీళ్ళు. మిరియాలు వేసుకుని తాగి, పొయ్యి వైపు వీపు పెట్టి కూర్చుని, "నువ్వింక ఆ చేతుల మీంచి లేవచ్చు" అన్నారు. చేతులు తిమ్మిరెక్కి లేవలేకపోయాను.

చేయి వేయలేదు. ఈ వాక్యం రాయడం ఎంత కష్టమో ఇవాళ తెలిసింది.

తొమ్మిదో రోజు

జ్వరం తగ్గింది. చోళ్ళలో పిడికెడు మాత్రమే పాడయ్యాయి. కప్పుకు కొత్త వాసం కట్టారు. రెండు రోజులుగా నేను రాయలేదు, ఎందుకంటే చూడటానికే సరిపోయింది. మామ్మ నడిచేటప్పుడు కింద చూడరు. పాదాలకే దారి తెలుసు. వాన ఆగే ముందు చెవి గోక్కుంటారు. ఎలా తెలుస్తుందంటే చెప్పలేరు. పొద్దున్నే తేనెపిట్టను తిట్టి గానీ పని మొదలుపెట్టరు. గాలి విభాగంలో రెండువేల మంది చేత పని చేయించిన మనిషి, ఇక్కడ ఒక్క తేనెపిట్ట చేత కూడా మాట వినిపించలేరు. అందుకు చాలా సంతోషంగా ఉన్నారు.

మాటల కోసం నోటు పుస్తకం వెనక పేజీలు తెరిచాను. నివురు, నిట్రాడ, వాసం, చూరు, ముసురు, దొప్ప. ప్రతి మాట పక్కన అర్థం కాకుండా, అది చేసిన పని రాస్తున్నాను.

చేయి వేయలేదు.

పన్నెండో రోజు

రెండో రోజు చీటీ ఇంకా ఖాళీగానే ఉంది. ఇవాళ మామ్మ దాన్ని చూశారు.

"దీని మీద కూడా సంతకం పెట్టెయ్" అన్నారు. "నిప్పు పోయింది, నిప్పు వచ్చింది. సరిపోయింది."

"నగరం వాళ్ళు ఆకాశంలోంచి పొగ చూస్తారు కదా మామ్మా. ఐదు రోజులు పొగ లేదని బుల్లెబ్బాయి గారికి తెలిసే ఉంటుంది. ఎందుకు ఆరిందని అడుగుతారు."

"నేను చెప్పుకుంటాను. ముసలిదాన్ని, మరిచిపోయాను అంటాను."

"అలా అంటే మీకు వయసైపోయింది, ఇంక చేతకాదు అని పట్టా తీసేస్తే?"

"తియ్యరు. తరవాత నేనే చేసుకున్నాను కదా. నువ్వు ఆ చీటీ మీద నిజం రాశావంటే ఇంకో పద్నాలుగు రోజులు ఇక్కడే. నీ నిఘంటువు ఏమవుతుంది? ప్రతిరోజూ చెప్తున్నావు, చెవులు చిల్లులు పడేలాగ. మళ్ళీ మూడేళ్ళు ఆగుతావా?"

తియ్యరు అన్నప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు. పొయ్యిలోకి చూశారు.

చేయి వేయలేదు.

పద్నాలుగో రోజు

మధ్యాహ్నానికి పడవ వచ్చింది. బుల్లెబ్బాయి గారు ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని, జలగలను తిట్టుకుంటూ పైకి వచ్చారు. తడిక బయట ఆగి "తెరుచుకో" అన్నారు. నేనూ మామ్మా పడీ పడీ నవ్వాం.

ఆయన కూర్చుని చీటీలు లెక్కపెట్టుకున్నారు. తర్వాత చేతిలోని పలక చూసుకుని గొంతు తగ్గించారు.

"అమ్మా, మరోలా అనుకోకండి. రెండో రోజు నుంచి ఆరో రోజు దాకా పైనుంచి పొగ కనపళ్ళేదండి. వానాకాలంలో నిప్పు కాపాడుకోవడం మీ పట్టాలో మొదటి షరతు కదండీ. ఎలా ఆరిందో నేను రాసుకోవాలి."

"మరిచిపోయాను నాయనా" అన్నారు మామ్మ. మెత్తగా, నిజంగానే ముసలావిడలా. అలాంటి గొంతు ఆవిడ దగ్గర ఉందని నాకు తెలియదు. "పొద్దున్నే ఏటికెళ్ళే తొందరలో కప్పడం మరిచిపోయాను. వయసు చూడు మరి."

బుల్లెబ్బాయి గారి మొహం వాడిపోయింది. మంచాయన. అయినా పెన్ను తీశారు. "మరిచిపోవడం అంటే... అలాగని రాస్తే పైవాళ్ళు ఏమంటారో మీకూ తెలుసు కదండీ. మీరే చేశారు ఒకప్పుడు అక్కడ పెద్ద ఉద్యోగం."

"తెలుసు. రాసుకో."

ఆవిడ వైపు చూశాను. ఆరో రోజు పైకప్పు పీకినప్పుడు ఏ మొహమో ఇప్పుడూ అదే. మళ్ళీ ఒక వాసం ఊడదీస్తున్నారు. ఈసారి నా కోసం. వాన మళ్ళీ ఆవిడ పడక మీదే పడుతుంది.

నేను లేచి రెండో రోజు చీటీ తీసుకున్నాను. అచ్చువేసిన వాక్యాన్ని కొట్టేసి కింద రాశాను: "ఈ రోజు పొయ్యిలో నిప్పును దుమ్మనుకుని నేనే ఎత్తి వానలో పారబోశాను. ఆవిడ ఏదీ మరిచిపోలేదు." సంతకం పెట్టి ఆయన చేతిలో పెట్టాను. నోటు పుస్తకం కూడా ఆరో రోజు దగ్గర తెరిచి ఇచ్చాను.

ఆయన చదివారు. కప్పు వైపు చూశారు. నల్లటి వాసాల మధ్య ఒకటే పచ్చటిది. మళ్ళీ చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, అది తడవకపోయినా.

"దుమ్ము మర్యాదా?" అన్నారు.

"ఆయ్" అన్నాను.

"మా ఆవిడా ఇంతే. ఆసుపత్రిలో కూడా లేచి తుడిచేసింది." చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. "అమ్మాయిగారూ, ఇది మూడో నియమం కిందికొస్తుంది. ఎవరూ వాడలేదన్నాను చూడండి, అది. పరీక్ష చెల్లదు. మళ్ళీ మొదట్నుంచి. ఎల్లుండి మీకేదో ఎంపిక ఉందన్నారు..."

"ఉందండి."

"వెళ్ళకపోతే?"

"మూడేళ్ళ తర్వాత మళ్ళీ ఉందండి."

మామ్మ ఆయన ఎదుటే నన్ను తిట్టారు. ఇంత మూర్ఖపు పిల్లను జన్మలో చూడలేదన్నారు. పదశాలలో బుద్ధి తప్ప అన్నీ నేర్పుతారా అన్నారు. తిట్టి తిట్టి పొయ్యి దగ్గరకు వెళ్ళి అటు తిరిగి కూర్చున్నారు. భుజాలు కదులుతున్నాయి. పొగ వల్ల అన్నారు తర్వాత.

బుల్లెబ్బాయి గారు పడవలోంచి తన పొట్లాలు పదిహేను దించి ఇచ్చారు. పదశాలలో మా మాస్టారికి ఇవ్వమని, వెనక పేజీల్లో రాసుకున్న మాటలకు ఒక నకలు రాసి ఆయనకు ఇచ్చాను. పడవ మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను. కళ్ళు చెమర్చాయి. అది కూడా రాయాలి, నిజమే కదా.

ఒకటో రోజు

తెల్లవారుతుండగా మెలకువ వచ్చింది. అలవాటు కొద్దీ చేయి బట్ట కోసం వెతికింది. వెంటనే రెండు చేతులూ కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాను.

మామ్మ పొయ్యి దగ్గర వంగి, పుల్లతో బూడిదను మెల్లగా పక్కకు తీశారు. ఒకసారి ఊదారు. లోపల నిప్పు ఎర్రగా కళ్ళు తెరిచింది.

"చూశావా?"

"చూశాను మామ్మా."

"పేరు చెప్పు."

"నివురు."

"ఊఁ. ఇప్పుడు రాసుకో" అని, అంబలి పొయ్యి మీద పెట్టి, తేనెపిట్టను తిట్టడానికి బయటికి వెళ్ళారు.

చేయి వేయలేదు.